మగ్గానికి కట్టిన కొక్కెం

మా మేనత్త పోయిందని బాపు ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున నల్లగొండలో నేను పనిచేసే పండ్ల డాక్టరమ్మ దవాఖాన తాళం తీస్తున్నాను. "అత్త పోయింది బిడ్డా. నిద్రలనే పోయింది," అన్నాడు.  ఆమె గుండె బలహీనమని అందరికీ తెలిసిందే. తెలిసినంత మాత్రాన ఏడుపు ఆగదు కదా. మా ఊరు నకిరేకల్ దగ్గర. బస్సులో కిటికీ వైపు తిరిగి దారంతా ఏడ్చాను. పక్కన కూర్చున్న ఆవిడ ఏమైందని అడగకుండా నీళ్ల సీసా మూత తీసి నా చేతిలో పెట్టింది.

అత్త గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ముందు గుర్తొచ్చేది ఆమె ఎడమ బుగ్గ. అందులో ఎప్పుడూ తంబాకు, అంటే పొగాకు ముద్ద, ఉండేది. గుంట మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు చేతులకూ పనే, కాళ్లకూ పనే. బీడీ కాలుద్దామంటే నిప్పురవ్వ నూలు మీద పడుతుందని భయం. అందుకే మా నేతవాడలో ఆడా మగా తేడా లేకుండా బుగ్గన తంబాకు పెట్టుకునే కూర్చునేవాళ్లు. అత్త తిట్టాలన్నా ముందు తంబాకు ఓ పక్కకు జరుపుకోవాలి. ఆమె జరుపుకునేలోపు నేను వాకిలి దాటేసేదాన్ని.

మామ చిన్న వయసులోనే పోయాడు. పిల్లల్లేరు. మా ఇంటి పక్క గదిలోనే మగ్గం వేసుకుని, తన బతుకు తను బతికింది. ఎవరి మీదా ఆధారపడలేదు, ఎవరినీ వదులుకోలేదు. బడి నుంచి రాగానే నేను ఆ గదిలోనే ఉండేదాన్ని. కండెలు చుట్టడం, పోగు తెగితే ముడేయడం ఆమే నేర్పింది. "తెగిన పోగు అప్పుడే చూస్తె ఒక్క ముడితోని పోతది. చూడకపోతె చీరె మొత్తం పోతది," అనేది. అప్పుడది నేతపని గురించి చెప్పిన మాట అనుకున్నాను.

నాడె గురించి చెప్పాలి, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తుతూ అడ్డపోగు వేసే చిన్న చెక్క పడవలాంటిది. నూలు చుట్టిన కండెను నాడెలో పెట్టాక, పోగును నాడె పక్కనున్న సన్న రంధ్రంలోంచి బయటికి తీయాలి. దానికి మావాళ్ల పద్ధతి, రంధ్రానికి నోరు ఆనించి గట్టిగా పీల్చడం. పోగు నాలుక మీదకు వచ్చేస్తుంది. కండె మారిన ప్రతిసారీ ఇదే. ఒకసారి అత్త పీలిస్తే ఇంకోసారి నేను పీల్చేదాన్ని. దారి వెంట పోయే వాళ్లెవరైనా మగ్గం మీద ఓ చెయ్యి వేసి పోతే వాళ్లూ పీల్చేవాళ్లు. చెంబు నోటికి తగిలితే కడిగిందాకా ముట్టుకోని మా వాడలో, నాడెకు మాత్రం ఎంగిలి లేదు. నూలుకు పెట్టిన గంజి నోట్లోకి వచ్చేది. నాకు ఆ రుచి ఇష్టంగా కూడా ఉండేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను డాక్టరమ్మ దగ్గర పనికి కుదిరాను. కుదిరిన కొన్నాళ్లకు ఊరికి పోయినప్పుడు, అత్త ఏదో మాటకు నోరారా నవ్వింది. ఎడమ బుగ్గ లోపల తెల్లగా కనిపించింది. అదేమిటని అడిగితే, "గంజి బిడ్డా. నాడె పీలిస్తె అంటది," అంది. వాడలో ఎవరిని అడిగినా అదే మాట. నేనూ అంతకుముందు చూసి ఉంటే గంజే అనుకునేదాన్ని. కానీ గంజి తుడిస్తే పోవాలి. నూలుగుడ్డ తడిపి తుడిచాను. పోలేదు. మళ్లీ తుడిచాను. అత్త నా ముఖం చూసి నవ్వడం ఆపేసింది.

నల్లగొండ వచ్చి డాక్టరమ్మకు చూపించుకోమంటే, మగ్గం మీద ఒప్పుకున్న చీర ఉందని చెప్పి నెల రోజులు రాలేదు. చివరికి నేను పొద్దున్నే వచ్చి, ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. తిట్టుకుంటూనే బస్సెక్కింది.

డాక్టరమ్మ అన్నీ ఓపిగ్గా అడిగింది. తంబాకు పెట్టే చోటే మచ్చ ఉంది కాబట్టి ఎక్కువ అనుమానం దాని మీదే అంది. దీన్ని వదిలేస్తే కొందరిలో క్యాన్సర్‌గా మారవచ్చని, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితేనే సంగతి తెలుస్తుందని చెప్పింది. నాడె సంగతి వినేసరికి ఆమెకే ఆశ్చర్యం. నోటి నుంచి నోటికి పాకే వైరస్‌లు ఉన్నాయనీ, వాటిలో కొన్నింటి వల్ల కూడా నోట్లో జబ్బులు రావచ్చనీ, ఆ పద్ధతి మానుకోవడమే మంచిదనీ అంది.

అత్త చెవికి ఆ చివరి మాట ఒక్కటే ఎక్కింది. కుర్చీలోంచి దిగి, నా రెక్క పట్టుకుని అందులో కూర్చోబెట్టింది.

"ముందుగాల గీ పిల్ల నోరు చూడుండ్రి డాక్టరమ్మా. చిన్నప్పటి సంది నా నాడెనే పీల్చింది."

నాకు ఏమీ లేదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అప్పటిదాకా కంట తడి పెట్టని మనిషి, గోడ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తన నోట్లో ఏముందో ఇంకా తెలియదు. నా నోట్లో ఏమీ లేదని ఏడ్చింది. నన్ను కన్నవాళ్లు కూడా నన్ను ఇంతకంటే ప్రేమించలేరని ఆ రోజు నాకు తెలిసింది.

పరీక్షలో క్యాన్సర్ కాదని తేలింది, కానీ మచ్చ అటువైపు నడుస్తోందట. దాన్ని తీసేశారు. తంబాకు మానడమే ఆమెకు అసలు పరీక్ష అయింది. చేతులు వణికేవి, పోగులు తెగేవి, ఊరికే కోపం వచ్చేది. బుగ్గ ఖాళీగా ఉంటే నేత సాగడం లేదని ఎండిన ఉసిరి ముక్క పెట్టుకోవడం మొదలుపెట్టింది. మళ్లీ రావచ్చని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి, రమ్మన్న తారీఖు ఒక్కటీ తప్పలేదు.

ఆ తర్వాత పాత గొడుగు పుల్లలు విరిచి, కొసలు వంచి కొక్కేలు చేసింది. నాడె రంధ్రంలోంచి పోగు లాగడానికి. మిగిలిన ఎర్ర నూలుతో వాడలోని ప్రతి మగ్గానికీ ఒకటి కట్టింది. మొదట అందరూ నవ్వారు. గొడుగులన్నీ అయిపోయాయి, ఇక వానకు తడవాల్సిందే అన్నారు. నవ్వినవాళ్లే మెల్లగా అలవాటుపడ్డారు. కిటికీ దగ్గర ఒక స్టీలు చెంచా కూడా పెట్టుకుంది. వచ్చినవాళ్లను వెలుతురు వైపు తిప్పి, చెంచాతో బుగ్గ పక్కకు లాగి చూసేది. తుడిచినా పోని తెలుపో ఎరుపో, రెండు వారాలైనా మానని పుండో కనిపిస్తే నల్లగొండకు పంపేది. "సూసుడే నా పని. ఏందన్నది డాక్టరమ్మ చెప్తది," అనేది. చూపించుకున్నాక చెంచాను మరిగే నీళ్లలో వేయనిదే ఇంకొకరిని ముట్టేది కాదు.

వాడంతా నోరు తెరిచింది, మా బాపు తప్ప. సొంత తమ్ముడు, బుగ్గ నిండా తంబాకు. నా నోరు నాకు ఎరుకే అనేవాడు. ఒకసారి అత్త గట్టిగా అడిగితే వారం రోజులు ఆ గదిలో అడుగు పెట్టలేదు. ఆయన మగ్గానికి కట్టిన కొక్కేనికి దుమ్ము పట్టింది. నాకు ఒళ్లు మండి నాలుగు మాటలు అన్నాను. అత్త నన్నే ఆపింది.

"వానికి భయం బిడ్డా. మొండితనం గాదు. నేను గూడ నెల దినాలు గిట్లనే భయపడ్డ."

ఆ తర్వాత ఎన్నడూ అడగలేదు. బాపు గదిలోకి వచ్చినప్పుడల్లా చెంచా తీసి, కొంగుతో తుడిచి, ఆయనకు కనిపించేచోట పెట్టేది. ఆమెకు తీరని కోరిక అదొక్కటే.

దినాలు అయ్యేదాకా మా ఇంట్లో మగ్గాలు ఆడలేదు. మర్నాడు అత్త గదిలోంచి చప్పుడు వినిపించి వెళ్లాను. ఆమె సగంలో వదిలిన చీర ముందు బాపు కూర్చుని నేస్తున్నాడు. కండె అయిపోయింది. కొత్త కండె పెట్టి, నాడెను అలవాటుగా నోటి దాకా ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే ఆగిపోయాడు. నాడె దించి, మగ్గం పక్కన తడిమి కొక్కెం అందుకున్నాడు. ఆయనకు ఆ పని రాదు. పోగు రెండుసార్లు జారిపోయింది, మూడోసారి వచ్చింది.

కొక్కెం వదిలేసి, బుగ్గలోని తంబాకు బయట ఉమ్మి, నోరు పుక్కిలించుకుని వచ్చాడు. కిటికీ దగ్గరి చెంచా నా చేతిలో పెట్టాడు.

"సూడు బిడ్డా," అన్నాడు.

వంటింట్లోకి పోయి చెంచా నీళ్లలో మరిగించి తెచ్చేసరికి, అత్త అందరినీ కూర్చోబెట్టే చోట, వెలుతురుకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఎడమ బుగ్గ లోపల చిన్న తెల్లని మచ్చ ఉంది. గుడ్డతో తుడిచాను, పోలేదు. దాచకుండా చెప్పాను. సోమవారం నల్లగొండ పోదామంటే సరేనన్నాడు. మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడు.

నాడె అటూ ఇటూ పోతున్నంతసేపూ, ఎర్ర నూలుకు వేలాడే ఆ గొడుగు పుల్ల ఊగుతూనే ఉంది.