సడలిన మంచం మీద మా బాపు

నా చిన్నప్పుడు నన్ను ఇంటిల్లిపాదీ అనే మాట ఒక్కటే: సుస్తి, అంటే సోమరితనం. లెక్కలంటే నాకు ప్రాణం. అయినా పదమూడో ఎక్కం సగంలోనే కునికేదాన్ని. పంతులు పిలిపించి చెప్పాక మా బాపు తేల్చేశాడు. “దీనికి ఒళ్లంత సుస్తి. దసరా దాటినంక బడి బంద్.” పండుగకు ఇంకా పదకొండు రోజులున్నాయి. రోజూ లెక్కపెట్టుకునేదాన్ని.

మొయినాబాద్ దగ్గర మాకు అరెకరం బంతి తోట ఉండేది. పూలు మొదటి బస్సుకు పట్నం చేరాలంటే చీకటితోనే కోయాలి. ఆ పని నాది.

ఆ వారమే మంచాలు బిగించే చాచా చేవెళ్ల నుంచి వచ్చాడు. ఏడాదికోసారి వచ్చి ఊళ్లోని నులక మంచాలన్నీ బాగు చేసి పోయే ముసలాయన. తాడు కొస పట్టుకోమని నాకిచ్చాడు. పట్టుకుని నిలబడే నిద్రపోయాను.

“చూసినవా చాచా, దీని సుస్తి!” అన్నాడు బాపు.

చాచా నవ్వి, ఇంకా బిగించని మంచం చూపించాడు. “జర కూసో తమ్మీ.” బాపు కూర్చోగానే నులక కుంగి నేలకు తాకింది.

“ఈ మంచం సోమరిదా?”

“సోమరెట్లయితది? తాడు వదులైంది.”

“మా ఉర్దూల సుస్త్ అంటే గదే. వదులు. ఎందుకు వదులైందో చూడాలె గని, తిడితే బిగుస్తదా?” నా వైపు తిరిగాడు. “బేటీ, ఎన్ని గంటలు పండుకుంటవ్?”

“రాత్రి పదిదాకా దండలు గుచ్చుత. మూడింటికి లేస్త. ఐదు గంటలు.”

“మరి మీ బాపు?”

“బాపు గూడ ఐదే. గని పగటీలి ఇంకో రెండు గంటలు పండుకుంటడు. అప్పుడు నేను బడిల ఉంట.”

బాపు కోపంగా లేవబోయాడు. ఆ కుంగిన మంచంలోంచి లేవలేకపోయాడు. చాచా చెయ్యందించాడు. బాపు లేచి తాడు కొస తనే పట్టుకున్నాడు.

మర్నాడు మెలకువ వచ్చేసరికి తెల్లగా తెల్లవారింది. బాపు, పక్కింటి అక్క అప్పటికే పూలు కోసి పంపేశారు. ఆ రోజు బడిలో పదమూడో ఎక్కం చివరిదాకా, నూట ముప్పై వరకూ చెప్పాను. దసరా దాటింది, బడి ఆగలేదు. పదోతరగతి దాకా చదివాను. ఆ పైన లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను.

చాలా ఏళ్లకు ఒక నిఘంటువులో ఆ మాట వెతికాను. పారశీకం నుంచి వచ్చిందట. అక్కడ దానికి వదులైనది, పట్టు సడలినది అనే అర్థం ఉంది. మందకొడితనం, నిద్రమత్తు, మన తెలుగులో జబ్బు అనే అర్థం, అన్నీ ఆ సడలిక వెంట వచ్చినవే కాబోలు. బడి గడప తొక్కని చాచా అది మంచం మీదే చూపించాడు.

ఇప్పుడు జన్వాడ దగ్గర గులాబీ తోటలో తూకాలు చూస్తాను. పూలు కోసే పిల్లల్లో ఎవరైనా కునికితే ముందు గంటలు అడుగుతాను. ఐదు అన్నదాన్ని నీడన పడుకోబెట్టి, దాని వరుస నేను కోస్తాను.