ఎలుక కాదు, సిలుక

మా అమ్మ నన్ను సిలుకా అని పిలిచేది, నోరు మూయకుండ మాట్లాడుతనని. ఆ పిలుపు ఇప్పుడు ఒక్క క్యాసెట్ల మిగిలింది. మన్సూరాబాద్‌ల కిరాయికి ఉన్నప్పుడు అమ్మ పాడుతుంటే మా ఇంటాయన టేపు పట్టిండు. పాట నడుమ ఆపి, "సిలుకా, పొయ్యి మీద పాలు సూడే" అంటది. నాకు పాట కంటె ఆ మాటే ఎక్కువ.

మొన్న ఆ పాట పట్టిన మా టేప్‌రికార్డర్ డెక్కు తిరుగుడు ఆగిపోతే దిల్‌సుఖ్‌నగర్‌ల రిపేరు దుకాన్ల ఇచ్చినం. బెల్టు మార్చిండు. హెడ్డు వంకరున్నదని అది కూడ సరిజేసిండట. హెడ్డంటే టేపు రాసుకుంట పోయే చిన్న ముక్క, పాటను ఎక్కించేది, చదివేది అదే. ఇంటికి తెచ్చి పెడితే సినిమా పాటలు గల్లుమన్నయి. అమ్మ గొంతు మాత్రం దుప్పటి కప్పుకున్నట్టున్నది. 'స' పలుకుతనే లేదు.

"ఎలుకా, పొయ్యి మీద పాలు ఊడే!"

మా ఇంటాయన పడి పడి నవ్విండు. "ఇన్నేండ్లు సిలుక సిలుక అని కోతలు కోసినవ్ గదనే! నీ సంగతి మీ అమ్మకు ఎరుకే."

మళ్ల మోసుకపోయిన. "నా సెట్టింగ్ కరెక్టే అమ్మా, మీ క్యాసెట్టే పాతదైంది. గివన్ని మీకు తెల్వయి" అన్నడు దుకానాయన.

నాకు తెల్వదా? చదివింది మూడో తరగతే గాని, మరిచింది ఒక్కటి లేదు. అమ్మ మా ఇంటికొచ్చి పాడకముందే ఆ డెక్కు సజ్జ మీదికెల్లి కింద పడ్డది. దుమ్ము దులుపుకుంట పడేసింది నేనే. హెడ్డు వంకరైంది అప్పుడే. ఆ వంకర మీదనే అమ్మ గొంతు ఎక్కింది. ఇప్పుడు సక్కగ జేస్తే ఎట్ల ఇనపడ్తది?

కుట్టుమిషన్ చిన్న స్క్రూడ్రైవర్ తీసిన.

"ఖరాబ్ జేస్తవే!" అన్నడు ఇంటాయన.

"జేస్త" అన్న.

పాట పెట్టి, హెడ్డు పక్కన స్ప్రింగున్న స్క్రూను ఎంట్రుకంత తిప్పిన. ఇంకింత మొద్దుబారింది. అటుకెల్లి ఇటు తిప్పిన. ముందుగాల అమ్మ గాజుల చప్పుడు తేలింది. ఇంకో ఎంట్రుకంత.

"సిలుకా, పొయ్యి మీద పాలు సూడే."

ఆయన నవ్వు ఆగింది. "మరి నా సినిమా పాటలు? గవన్ని మొద్దుగ ఇనపడ్తయి గదా?"

"ఫోన్ల ఇను."

మనుమరాలి గోళ్లరంగు తెచ్చి ఆ స్క్రూ మీద బొట్టు పెట్టిన, మళ్ల ఎవ్వడు సరిజేయకుండ.