రేపటికి ఉంచిన ఆట

2011లో ఒక శనివారం లీనా తన టెన్నిస్ రాకెట్ నా ముందు పెట్టి, తీగలు ఇరవై నాలుగు కిలోల బిగువుకు కట్టమంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. పరిచయమైన రోజు నుంచీ ఆమెది ఇరవై ఆరే. తీగలు వదులుగా ఉంటే బంతి సులువుగా దూరం పోతుంది. చేతిలో బలం ఉన్నవాళ్లకు ఆ సాయం అక్కర్లేదు. ఏదో కొత్త ప్రయోగం కాబోలనుకుని బిగించి ఇచ్చేశాను. పది రోజులకు ఇరవై మూడు చాలంది.

లీనా నా భార్య. స్వీడన్ ఉత్తరాన, సగం ఏడాది మంచులో ఉండే చిన్న ఊరు ఆమెది. వాళ్ల నాన్న బస్సు డ్రైవర్. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఇండోర్ కోర్టు పొద్దున ఆరింటికి ఖాళీగా ఉంటుందని, డ్యూటీకి ముందు కూతురికి బంతులు విసిరేవారు. పదిహేడేళ్లకు రెండు బ్యాగులు పట్టుకుని ప్రొఫెషనల్ ఆట మొదలుపెట్టింది. చిన్న టోర్నమెంట్లు, చవక హోటళ్లు, రైలు ప్రయాణాలు. ఇంగ్లండ్‌లోని స్విండన్ క్లబ్బులో మంచి కోచ్ ఉన్నాడని అక్కడికి వచ్చింది. కరీంనగర్ నుంచి మాస్టర్స్ కోసం వచ్చిన నేను, ఉద్యోగం దొరికేదాకా ఆ క్లబ్బులోనే రాకెట్లకు తీగలు బిగించేవాణ్ని. నేను కట్టిన తీగ ఒకటి మ్యాచ్ మధ్యలో తెగింది. తిట్టడానికి వచ్చిన మనిషి రెండేళ్లకు నన్ను పెళ్లి చేసుకుంది.

ఆ ఏడాది ఆమె ర్యాంకింగ్ ఎప్పుడూ లేనంత పైకి వచ్చింది. ఇంకొక్క మెట్టు ఎక్కితే పెద్ద టోర్నమెంట్లలో అర్హత పోటీలు లేకుండా నేరుగా మెయిన్ డ్రాలో ఆడొచ్చు. పదేళ్లుగా ఆమె పడ్డ కష్టమంతా దానికోసమే.

అంతలో గొంతు నొప్పి, జ్వరం, మెడ కింద గడ్డలు. మా ఫ్యామిలీ డాక్టర్ చూసి టాన్సిలైటిస్ అన్నారు, యాంటీబయాటిక్ రాశారు. మూడో రోజుకి ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. అప్పుడు బ్లడ్ టెస్ట్ చేశారు. గ్లాండ్యులర్ ఫీవర్ అనే వైరస్ జబ్బని డాక్టర్ క్లినిక్ నుంచి ఫోనొచ్చింది. లివర్ రీడింగులు ఎక్కువగా ఉన్నాయన్నారు. హాస్పిటల్లో స్కాన్ తీసిన డాక్టర్, స్ప్లీన్, అంటే ప్లీహం, పెద్దదైందని, దెబ్బ తగిలితే చిట్లొచ్చని చెప్పి, "ఆట, జిమ్, బరువులు ఏవీ వద్దు. మళ్లీ స్కాన్ చేసేదాకా బుద్ధిగా పడుకోవడమే మీ శిక్షణ" అన్నారు.

ఆరు వారాల తర్వాత స్ప్లీన్ మామూలు సైజుకొచ్చింది. లీనా స్కాన్ నుంచి తిన్నగా కోర్టుకే పోయింది. రెండు గంటలు ఆడి, పాటలు పాడుకుంటూ ఇంటికొచ్చింది. మర్నాడు మెట్లు ఎక్కలేకపోయింది. వేసవంతా ఇదే వరస. నాలుగు రోజులు మంచం, ఒక మంచి రోజు, ఆ రోజంతా ఆట, మళ్లీ మంచం. తగ్గని అలసటకు చికిత్స చేసే ఫటీగ్ క్లినిక్‌లో థెరపిస్ట్ ఆమెకొక డైరీ ఇచ్చి, "మంచి రోజు రాగానే మొత్తం వాడేస్తున్నారు. అలసట రాకముందే ఆపాలి" అంది. లీనా బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి బూట్లు వేసుకుంది. ఎన్ని చెప్పినా చెవికెక్కించుకోలేదు.

అక్టోబర్‌లో రాకెట్ల బ్యాగు తీసుకెళ్లి లాఫ్ట్‌లో పడేసింది. గొడవ లేదు, ఏడుపు లేదు. నాకే ఏడుపొచ్చింది.

సరిగ్గా ఆ వారమే మా అమ్మ కరీంనగర్ నుంచి వచ్చింది. అమ్మకు ఇంగ్లిష్ రాదు, లీనాకు తెలుగు రాదు. అమ్మ కోడలి మొహం చూసి, చెయ్యి పట్టుకుని చూసి, తన రోగనిర్ధారణ తాను చేసేసింది.

"గిది బాలెంత నీరసమేరా. నీ అక్కలిద్దరికీ నేనే చేసిన గదా. నువ్వు ఆఫీసుకు పో."

స్ప్లీన్ గురించి చెప్పబోతే, చెప్పుకో పో అన్నట్టు చూసింది. సాయంత్రం నేను వచ్చేసరికి, వింబుల్డన్‌లో ఆడాలని కలలు కన్న మనిషి చెవుల్లో దూది, తలకు స్కార్ఫ్, కాళ్లకు రెండు జతల సాక్సులతో కూర్చుని మిరియాల చారన్నం తింటోంది. చల్లనీళ్లు బంద్. మధ్యాహ్నం నిద్ర తప్పనిసరి. నడక అంటే వీధి చివర పోస్టుబాక్సు దాకా, అదీ అమ్మ చెయ్యి పట్టుకుని. లీనా ఇంకొంచెం పోదామని సైగ చేస్తే అమ్మ వెనక్కి తిప్పేది. "చాలు బిడ్డా, రేపటికి ఉంచు." డాక్టర్లందరితో వాదించిన లీనాకు ఈ మనిషితో వాదించడానికి భాష లేదు. నోరు మూసుకుని పడుకునేది. నవంబర్ చివరికల్లా వరసగా పది రోజులు మంచాన పడకుండా గడిచాయి.

ఇంతలో రెండు వీధుల అవతల ఉండే సుజాత ఆంటీ కరివేపాకు కోసం వచ్చింది. దూది, స్కార్ఫ్, వెల్లుల్లి కారం వాసన. ఆవిడ ఏమీ అడగలేదు, నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఆదివారం నాలుగు తెలుగు కుటుంబాలు స్వీట్లు, చిన్న చిన్న గౌన్లు పట్టుకుని గుమ్మంలో దిగాయి. ఒక అంకుల్ గదంతా కలయజూసి, పాప నిద్రపోతోందా అని గుసగుసగా అడిగారు.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. లీనాకు విషయం చెప్పాను. దూది ఊడిపడేలా నవ్వింది. ఆరు నెలల తర్వాత విన్న నవ్వది. నన్ను లాఫ్ట్ ఎక్కించి రాకెట్ తెప్పించుకుని, తువ్వాలులో చుట్టి సుజాత ఆంటీ చేతుల్లో పెట్టింది. ఆంటీ అలవాటుగా రెండు ఊపులు ఊపింది. ఇల్లంతా నవ్వులే. ఆ రాకెట్ మళ్లీ పైకి పోలేదు.

క్లినిక్‌లో ఈ పథ్యమంతా వర్ణిస్తే థెరపిస్ట్ పెన్ను పక్కన పెట్టేసింది. "దూది సంగతి నాకు తెలీదు గానీ, మిగతాదంతా నేను చెప్పిందే. మీ అత్తగారు చేయించారు, నేను చేయించలేకపోయాను."

జనవరిలో గోడకు పది బంతులు. తర్వాత ఇరవై. వేసవికి కోర్టులో అరగంట. మరుసటి శీతాకాలంలో తొలి టోర్నమెంట్, ఒక చిన్న ఇండోర్ పోటీ. మళ్లీ వచ్చిన అమ్మ చీర మీద నా కోటు వేసుకుని, వేడినీళ్ల ఫ్లాస్కుతో స్టాండులో కూర్చుంది. మూడో సెట్‌లో లీనా నాలుగు–రెండుతో ముందుంది. ఇంకో రెండు గేములు చాలు. అప్పుడు ఆమె సర్వ్ చేయబోయి ఆగింది. అంపైర్ దగ్గరికెళ్లి ఏదో చెప్పి, ప్రత్యర్థికి చెయ్యిచ్చి, బ్యాగు సర్దుకుంది.

నేను పరుగున కిందికి వెళ్లాను. మళ్లీ మొదలైందా అని అడిగాను.

"లేదు. ఇంకా ఆడగలను. అందుకే ఆపేశాను" అంది.

మర్నాడు లేచి తనే కాఫీ పెట్టింది. మంచం ఎక్కలేదు. తర్వాతి నెల ఇంకో టోర్నమెంట్‌లో రెండు రౌండ్లు గెలిచింది. రెండు సీజన్లు ఆడింది. మెయిన్ డ్రా మెట్టు ఎక్కలేదు, ఆ దిగులు ఇప్పటికీ కొంచెం ఉంది. కానీ చివరికి ఆట మాన్పించింది జబ్బు కాదు, తనే ఒక మంగళవారం చాలనుకుంది.

ఇప్పుడు 2019. ఊరి కౌన్సిల్ వాళ్ల టెన్నిస్ కోర్టుల్లో పిల్లలకు నేర్పుతోంది. ఆ ఆదివారం వచ్చిన గౌన్లలో ఒకటి తర్వాత మా పాప వేసుకుంది కూడా. ఈ జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: చెడ్డ రోజున ఎలాగూ పడుకుంటారు, కాపలా కాయాల్సింది మంచి రోజుని.

నిన్న సాయంత్రం కోర్టులో మా పాప "టెన్ మోర్, మమ్మీ, ప్లీజ్" అని గునిసింది. లీనా బంతుల బుట్ట చంకనెత్తుకుని, అచ్చం మా అమ్మలా దాని తల నిమిరింది.

"చాలు బిడ్డా. రేపటికి ఉంచు."