మామ చూసిన రాకెట్

మా మేనమామకు ముసలితనంలో కంటి నడిమి చూపు పోయింది. ఎవరిని చూడాలన్నా కోడిలా మెడ పక్కకు తిప్పేవాడు. స్టెమ్ సెల్ సూదితో కొత్త చూపు మొలుస్తుందని తిరుపతిలో ఒక క్లినిక్ వాళ్ళు చెబితే, మామిడితోట అమ్మి వేయించుకున్నాడు. ఆ తర్వాత ఎవరడిగినా, మెడ పక్కకు తిప్పుకుంటూనే, "అద్దం మాదిరి కనపడతా ఉండాదప్పా" అనేవాడు. తోట దండగైందని ఒప్పుకోవడం కంటే చూపు వచ్చిందనడం సులువు.

ఒక సాయంత్రం శ్రీహరికోట రాకెట్ చూద్దామని అందరం మిద్దెక్కాం. మామ మెడ నిటారుగా పెట్టి తూర్పుకు వేలు చూపించాడు.

"సూడండప్పా, ఎంత సక్కగా పోతా ఉండాదో."

ప్రయోగం వాయిదా పడిందని మా ఫోన్లలో అప్పటికే వచ్చింది. అయినా అందరం తూర్పుకే చూశాం.

పక్కనే నిలబడిన అత్తకూ ఈమధ్యే అదే జబ్బు మొదలైంది. ఆమె ఆశగా మాతో, "నాకూ ఆ సూదే ఏపిచ్చండప్పా" అంది.

మామ మెడ గభాల్న ఆమె వైపు కోడిలా తిరిగింది.

"నీకొద్దుమే. ఉండే సూపు గూడా పోతాది."