ఆ ప్రసంగ వేదికను నేను విప్పలేదు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. శ్మశానం గేటు బిగించి, ఆ గోడ నీడలోనే క్యారేజీ విప్పుకుని అన్నం తిన్నవాణ్ణి. ఇప్పుడిది రాస్తున్నది కూడా ఎవరినీ నమ్మించడానికి కాదు. చేయని పనికి రెండేళ్లుగా మెప్పు మోస్తున్నాను. ఆ బరువు దించుకోవాలని రాస్తున్నాను.

మాది దాచేపల్లి. వడ్రంగం మా ఇంటి విద్య. నాకు వచ్చిందల్లా ప్లైవుడ్డు, స్క్రూలు, జిగురు. అసలు పనివాడు మా నాన్న. ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. ఆయన నేర్చుకోమని పోరినన్నాళ్లూ నాకు చెవికెక్కలేదు. నాకు బుద్ధొచ్చేసరికి ఆయనకు నోరు లేదు.

మాచవరం వైపు ఒక ఊళ్లో పాత లూథరన్ చర్చి ఉండేది. దొరల కాలంలో కట్టారు. నడుమెత్తు వరకు నాపరాయి, ఆపైన గోడలూ స్తంభాలూ కప్పూ అంతా టేకే. బలిపీఠం ముందు మోకరించే చోట ఉన్న పొడవాటి చెక్క, తరతరాల మోకాళ్లకు గుంటలు పడి అద్దంలా నునుపుదేరింది. బాప్తిస్మం తొట్టికి నాలుగు కాళ్ల పీట, కీర్తనల నంబర్లు తగిలించే పలక, ఎడమ పక్కన ప్రసంగ వేదిక. ఆ వేదిక ఎనిమిది పలకల గూడు. ఎక్కడానికి ఆరు మెట్లు, పైన గొడుగులాంటి కప్పు. మొత్తం మీద ఒక్క ఇనుప మేకు లేదు. చెక్కలో చెక్క దూరి, కర్ర సీలలతో బిగిసి ఉంది.

చెదలు పట్టి కప్పు కుంగింది. పక్కనే స్లాబు చర్చి కట్టారు. పాత సామాను కొత్త దాంట్లోకి మార్చే పని నాకు వచ్చింది. పీట, పలక, బల్లలు ఇబ్బంది లేకుండా వెళ్లాయి. వేదిక మాత్రం గుమ్మంలో పట్టలేదు. పాస్టరును అక్కడ అయ్యగారు అంటారు. ఆయన మంచి మనిషే గానీ తొందర ఎక్కువ.

"విప్పగలిగితే విప్పు మేస్త్రీ. లేకపోతే మధ్యకు కోసెయ్, అక్కడ అతికిద్దాం" అన్నారు.

చెప్పడం తేలికే. ఏ సీల ముందు తీయాలో తెలియకుండా కొడితే పలక చీలిపోతుంది. పైగా ఆ వేదికను ఒకప్పుడు చెదలు తింటే, మా తాత, అప్పటికి మీసం మొలుస్తున్న మా నాన్న కలిసి సగం చెక్క మార్చి మళ్లీ కూర్చారు. అది విప్పే వరుస ఈ భూమ్మీద ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి మా ఇంట్లో మంచం మీద ఉన్నాడు.

ఫోన్లో ఫోటో తీసి చూపించాను. నాన్న చాలాసేపు చూశాడు. ఎడమ చేత్తో దుప్పటి మీద ఏదో గీయబోయాడు, నాకు అర్థం కాలేదు. "రంపం పెట్టక తప్పదు నాన్నా" అన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం రంపం తీసుకెళ్లి వేదిక మొదటి మెట్టుకు ఆనించాను. లోపల నేనొక్కణ్ణే. పై మెట్టు కిర్రుమంది. కాసేపటికి దాని కింది మెట్టు. తర్వాత దాని కిందిది. ఎండకు కర్ర అరుస్తుందని నాకు తెలుసు, నలుగురికీ చెప్పే మాటే అది. అయినా నాలుగో మెట్టు అరిచేసరికి రంపం తీసేశాను. ఎల్లుండి చూద్దాంలే అనుకుని తలుపుకు నా తాళమే వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఎల్లుండి అని ఎందుకన్నానంటే, మర్నాడు అమావాస్య. మా వాళ్లం అమావాస్య నాడు పనిముట్టు పట్టం. ఆ రోజంతా ఇంట్లోనే ఉన్నాను. నాన్న మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు పొద్దుగూకే దాకా కదల్లేదు. ఎప్పుడూ అంత నిద్ర ఎరగడు. అమ్మ భయపడి రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

పాడ్యమి ఉదయం నేను వెళ్లేసరికి చర్చి ఊడ్చే సారమ్మ ఎదురొచ్చింది. ఆమె ఇల్లు చర్చికి ఎదురుగానే.

"ఏందయ్యా మేస్త్రీ, అమావాస్యకి పని చెయ్యనంటివి! నిన్న మద్దేనం నుంచి సుత్తి సప్పుడు ఆగితే ఒట్టు."

"నేను రాలేదు పిన్నీ."

"రాకపోతే గుమ్మం మెట్ల మీద నే పెట్టిన మజ్జిగ ఎవురు తాగారు? చెంబు బోర్లించి మరీ పోతివి!"

తాగిన చెంబు బోర్లించే అలవాటు నాకు లేదు. మా నాన్నకు ఉంది.

నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. తీశాను. కొత్తగా చెక్కిన టేకు వాసన గుప్పున కొట్టింది. వేదిక లేదు. దాని పలకలు, మెట్లు, గొడుగు కప్పు నేల మీద వరుసగా పరిచి ఉన్నాయి. సీలలు చిన్న నుంచి పెద్దకు పేర్చి ఉన్నాయి. ఒక్క పలకకూ చీలిక లేదు. నేనైతే మార్కర్ పెన్నుతో నంబర్లు వేస్తాను. వీటి మీద ఉలితో ఏటవాలు గాట్లు ఉన్నాయి, ఒకటి, రెండు, మూడు... మా నాన్న గుర్తులు అలాగే ఉంటాయి. గాట్ల అంచున పొట్టు ఇంకా వేలాడుతోంది.

వంగి మొదటి గాటు మీద వేలు పెట్టి చూశాను. అంతలో అయ్యగారు వచ్చారు. "శభాష్ మేస్త్రీ, తండ్రిని మించావు" అని భుజం తట్టారు. నేను తల ఊపాను. ఆ గాట్ల వరుసలోనే కొత్త చర్చిలో వేదిక కూర్చాను. ఎక్కడా వెంట్రుకంత సందు రాలేదు.

ఇంకో పనివాడెవరైనా వచ్చాడా అని ఊరంతా అడిగాను. తాళానికి మారు తాళంచెవి ఉందేమోనని కొన్న కొట్లో కనుక్కున్నాను. ఏమీ తేలలేదు.

ఆ పాడ్యమి సాయంత్రం మాత్రం నాన్న మంచం పక్కన కూర్చుని, "రంపం పెట్టలేదు నాన్నా. నేనే విప్పాను" అన్నాను.

నా ముఖంలోకి చూసి నవ్వాడు. ఎడమ చెయ్యి కష్టంగా లేపి నా తల మీద పెట్టాడు. బుద్ధెరిగాక ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. నెల తిరక్కుండా పోయాడు.

విప్పింది ఆయనే అయితే, నేను చెప్పింది అబద్ధమని ఆయనకు తెలుసు. తెలిసి కూడా ఆ చెయ్యి ఎందుకు తియ్యలేదో నాకు తెలియదు.