నామాల గేదె నాకిన శాలువా

అరటినారతో వడికిన నూలును అల్లే ముందు ఒక పూట నీళ్ళలో నానబెడతాను. నానిన దాన్ని పిండి తీగ మీద ఆరేస్తుంటే అందులోంచి ఒక వాసన వస్తుంది. వానకు తడిసి మళ్ళీ ఎండకు ఆరుతున్న వరిగడ్డి వాసన అది. నందిగామలో మా అద్దె ఇంటి డాబా మీద ఎండ చుర్రుమంటున్నా, హైవే వైపు పోయే బస్సులు చెవులు చిల్లులు పడేలా హారన్లు కొడుతున్నా, ఆ వాసన తగలగానే నా ఎడమ చెయ్యి దానంతటదే కాస్త వంగుతుంది, చంకలో బరువు లేనిదేదో మోస్తున్నట్టు. అప్పుడు ఓసారి చుట్టూ చూసుకుని, ఎవరూ లేరని రూఢి చేసుకుని, చెయ్యి దులుపుకుంటాను.

పత్తినూలు, అరటినార, అవిసెనార, వీటితోనే శాలువాలూ మఫ్లర్లూ అల్లుతాను. ఊలు ముట్టను, పట్టు ముట్టను. పాలు, పెరుగు, నెయ్యి మానేసి చాలా ఏళ్ళయింది. వీగన్ అనే మాటను మా చుట్టాలు ఇంకా ఏదో జబ్బు పేరు పలికినట్టే పలుకుతారు. శాలువాలు కొనుక్కునే కాలేజీ పిల్లలు మాత్రం ఊలు ఎందుకు వాడరండీ అని ముచ్చటగా అడుగుతారు. దురద పెడుతుందమ్మా అని తప్పించుకుంటాను. పోయిన ఆదివారం మాత్రం అలా తప్పించుకోలేకపోయాను. జగ్గయ్యపేట నుంచి మా తమ్ముడు వచ్చాడు, కూతురి బారసాలకు పిలవడానికి.

"అక్కా, నా చిన్నప్పటి శాలువా నీ పెట్టెలో ఉందంటగా. అది ఇవ్వక్కా, బారసాల రోజు పాపకి కప్పుతా" అన్నాడు.

ఆ శాలువా వాడిది కాదు. ఎవరిదో చెప్పాలంటే ముప్పై అయిదేళ్ళ వెనక్కి, వీరులపాడు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోవాలి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ తమ్ముణ్ణి కనడానికి పుట్టింటికి వచ్చి, కాన్పు తర్వాత టైఫాయిడ్ తగిలి మంచం పట్టింది. నన్ను ఆ ఊరి బళ్ళోనే వేశారు. అది పత్తి మొదటి తీతల కాలం. నట్టింట్లో దూలాల దాకా పత్తి పోసి ఉండేది, మేం అటక మీంచి అందులోకి దూకేవాళ్ళం, తుమ్ముకుంటూ బయటికొచ్చి మళ్ళీ దూకేవాళ్ళం, జుట్టు నిండా దూదిపింజలతో అన్నానికి కూర్చుంటే అమ్మమ్మ గరిటె తిరగేసి నెత్తిన మొట్టేది. పెరట్లో ఎర్రమట్టి వాసన, మిరప నారు వాసన, పిడకల దాలిలో కుండెడు పాలు ఎర్రగా మరిగే వాసన, ఇవన్నీ కలిసి ఒకటే వాసనగా ఉండేవి.

టీచర్ ట్రైనింగు పరీక్ష రాసి ఫలితాల కోసం కూర్చున్న మా పిన్ని నాకు అల్లిక నేర్పింది ఆ రోజుల్లోనే. సూదులు లేకపోతే పాత సైకిలు చువ్వలు రెండు ఊడబీకి, మొనలు బండ మీద అరగదీసింది. ఊలు గుచ్చుకుని పసివాడి ఒళ్ళంతా దద్దుర్లు వస్తే, జగ్గయ్యపేట పోయి పత్తినూలు చుట్టలు తెచ్చింది. ఆ నూలుతో నేను అల్లిన మొట్టమొదటి వస్తువు ఒక తెల్ల శాలువా. ఎక్కడ ఎక్కువ కుట్లు వేశానో, ఎక్కడ జారవిడిచానో తెలియదు, జానెడు వెడల్పుతో మొదలైంది చివరికి రెండు మూరలైంది, మధ్యలో వేళ్ళు దూరేంత చిల్లులు.

"శాలువా అల్లమంటే గోతం అల్లావేంటే" అని పిన్ని పడీపడీ నవ్వింది. నాకు మాత్రం అంత మంచి శాలువా లోకంలో లేదనిపించింది.

తమ్ముడు పుట్టిన నెలలోనే మా అమ్మమ్మ గేదె ఈనింది. నుదుటి మీద నిలువుగా తెల్లమచ్చ ఉండేది కాబట్టి దాన్ని నామాల గేదె అనేవాళ్ళు. పుట్టింది దున్నదూడ. మనుషుల్లో మగపిల్లాడికి సంబరం, గేదెల్లో పెయ్యకు సంబరం. ఒకే నెలలో మా ఇంట్లో రెండు మగపుటకలు, ఒకదానికి బారసాల చేసి ఊరంతా పంచదార పంచారు, రెండోదాన్ని చూసి అమ్మమ్మ పెదవి విరిచింది. జున్ను మాత్రం అందరం తిన్నాం. బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికించిన జున్ను, పళ్ళెంలో పెడితే వణికేది, ముక్క నోట్లో పెట్టుకోగానే కరిగిపోయేది. అది ఎవరి నోటిదో నాకు అప్పుడు తోచలేదు.

దూడ వచ్చి పొదుగును రెండు కుమ్ములు కుమ్మితేగానీ గేదెకు పాలు దిగవు. దాన్నే చేపడం అంటారు. దూడను విప్పడం, గేదె చేపగానే దాన్ని లాగి గుంజకు కట్టెయ్యడం నా పని. దాని నోటికి నురగ అంటుకుని ఉండేది. మెడ తాడు పట్టి లాగితే నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి, మెడ సాచి, ఇంకో గుక్క కోసం నాలుక చాపేది. ఇంకో గుక్క తాగనిద్దామా అని నేను ఆగితే అమ్మమ్మ చెంబు చేత్తో పట్టుకుని అరిచేది.

"లాగవే! అదంతా తాగేస్తే నీ తమ్ముడికేం మిగులుద్ది?"

తమ్ముడి పేరెత్తితే నేను ఇంకేం ఆలోచించేదాన్ని కాదు, బలమంతా పెట్టి లాగేదాన్ని. నాగులచవితికి అందరం చిమ్మిలి, చలిమిడి పట్టుకుని పొలం గట్టు మీద పుట్టకు పోయి గ్లాసులకు గ్లాసులు పాలు పోసి వచ్చాం. దూడ కొట్టంలోనే ఉంది. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి.

మార్గశిరంలో మంచు దిగింది. ఎదురింటి చూరు కూడా కనిపించని మంచు. దూడ నిలబడి వణుకుతుంటే చూడలేక, బడికి పోయే ముందు నా శాలువా దాని మీద కప్పాను. నామాల గేదె ముందు నా వంక అనుమానంగా చూసి, తర్వాత శాలువాతో సహా దూడను నాకడం మొదలుపెట్టింది. అలా నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి దూడ చచ్చిపోయి ఉంది. శాలువా కొస దాని నోట్లో ఉంది, పాలు తాగినట్టే పెదాలు బిగించి.

నేను ఏడ్చాను. ఎవరూ నన్ను కోప్పడలేదు, ఎవరూ పెద్దగా పట్టించుకోనూ లేదు. అమ్మమ్మకు ఒకటే దిగులు, గేదె చేపకపోతే పసివాడి గతేంటి? అమ్మకు పాలు లేవు. ఊళ్ళో అలాంటప్పుడు అందరూ చేసే పనే తనూ చేయించింది. దూడ తోలు తీయించి, అందులో వరిగడ్డి కూరి, పొట్ట కింద పురికొసతో కుట్టించి, కాళ్ళకు కర్రలు గుచ్చి, ఉప్పు పట్టించి ఎండబెట్టించింది. కళ్ళ చోట రెండు బొక్కలు మిగిలాయి. ఒక బొక్కలోంచి గడ్డిపరక పొడుచుకొచ్చి ఉండేది. రోజూ లోపలికి తోసేదాన్ని, మర్నాటికి మళ్ళీ వచ్చేది.

దాన్ని మోసే పనీ నాదే. బతికున్నప్పుడు రెండు చేతులతో లాగినా కదలనిది, ఇప్పుడు చంకలో పెట్టుకుంటే బరువే ఉండేది కాదు, నడుస్తుంటే లోపల గడ్డి గరగరమనేది. గేదె ముందు నిలబెడితే అది వాసన చూసి, ముక్కులోంచి సన్నగా మూలిగి, నాకేది. పాలు ధారగా దిగేవి. పాలు తీశాక దాన్ని గోడకు ఆనించి నేను వెనక్కి చూడకుండా పరిగెత్తేదాన్ని. గోడవైపు తల తిప్పి పెట్టినట్టే గుర్తుండేది నాకు, కానీ సాయంత్రం వెళ్ళేసరికి తల గుమ్మం వైపు ఉండేది. గేదె నాకి నాకి తిప్పి ఉంటుందని ఇప్పుడు సర్దిచెప్పుకుంటున్నాను.

సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు పొట్ట కుట్టు ఊడి గడ్డి బయటికొచ్చింది. నామాల గేదె దాన్ని నాకుతూ నాకుతూ, ఆ గడ్డి పరక పరకా లాక్కుని తినసాగింది. కళ్ళు సగం మూసుకుని, తీరిగ్గా, తన బిడ్డ కడుపులోంచి గడ్డి లాక్కుని నెమరేసింది. అమ్మమ్మ ఆ రోజు గబగబా పాలు పితికి చెంబు పట్టుకుని లోపలికి పోయింది. మర్నాడు పొద్దున ఖాళీ తోలును కుక్కలు ఈడ్చుకుపోయాయి.

ఆ పూట గేదె చేపలేదు. లోపల తమ్ముడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అమ్మమ్మ కొట్టమంతా కలయజూసింది. దూడ చచ్చిన రోజు నేను గుంజకు తగిలించి మర్చిపోయిన శాలువా అక్కడే ఉంది, లాలాజలంతో అట్టకట్టి.

"బుల్లీ, అది కప్పుకుని బర్రె ముందు కూకో."

"వాసనొస్తంది అమ్మమ్మా."

"వాసనుండాలనే కూకోమంటంది. దాన్ని ఎప్పుడూ ఉతకబాక."

కప్పుకుని కూర్చున్నాను. వేడి ఊపిరి మెడ మీద తగిలింది. గరుకు నాలుక భుజం మీంచి చెవి దాకా పాకింది. వెనక చెంబులో పాలు చుయ్‌మని పడిన చప్పుడు వినిపించింది. అమ్మమ్మ దేవుడికి దండం పెట్టుకుంది.

ఆ రోజు నుంచి నేనే దూడను. రోజుకు రెండు పూటలా. పొద్దున మేతకు తోలుకుపోతుంటే నామాల గేదె మా బడి గోడ దగ్గర ఆగి ఆ సన్నని మూలుగే మూలిగేది. ఎంత అదిలించినా కదిలేది కాదు. "మీ అమ్మొచ్చిందే, పలుకు" అని మాస్టారు వేళాకోళం చేస్తే క్లాసంతా గొల్లుమనేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూనే "ఆఁ" అని పలకబోయి ఆగేదాన్ని. తొక్కుడుబిళ్ళ ఆడుతున్నా ఆ అరుపు వినబడితే కాలు ఆగిపోయేది. రాత్రి అన్నంలో పాలు పోస్తే మింగుడుపడేది కాదు. తమ్ముడు మాత్రం బొద్దుగా తయారయ్యాడు, బోర్లా పడ్డాడు, పాకాడు.

ఫాల్గుణం చివర ఒక సాయంత్రం, నాకుతూ నాకుతూ ఉన్న గేదె ఉన్నట్టుండి ఆగింది. మూతితో నా వీపును నెట్టింది. ఇంకోసారి నెట్టింది. నన్ను పొదుగు దగ్గరికి జరుపుతోంది.

"తాగమంటందే పిచ్చిది! తాగు మరి!" అని అమ్మమ్మ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. అది నిజంగా నన్ను తాగమంటోంది. ఎండిపోయిన బిడ్డ ఇన్నాళ్ళకు ఒళ్ళు చేసి ఎదురుగా కూర్చుందని నమ్ముతోంది. శాలువా అక్కడే పడేసి పారిపోయాను.

మూడు రోజులకు ఉగాది. ఇల్లంతా దులిపి, దుప్పట్లు, బొంతలు అన్నీ బోరింగు దగ్గర మూటలు వేశారు. పిన్ని ఉతుకుతోంది. ఎవరూ చూడకుండా శాలువా తెచ్చి ఆ మూటలో దూర్చాను. గేదెకు నిజం చెప్పాలనుకున్నాను, అంతే. నిజం చెబితే ఏమవుతుందో తొమ్మిదేళ్ళ బుర్రకు తట్టలేదు.

ఆ సాయంత్రం వేరే దారి లేక, తెల్లగా, సబ్బు వాసనతో ఉన్న శాలువానే కప్పి నన్ను కూర్చోబెట్టారు. నామాల గేదె వాసన చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. అప్పుడు నా ముఖంలోకి చూసింది. అన్ని నెలలూ నన్ను నాకింది గానీ అది నా ముఖం చూడటం అదే మొదటిసారి. చాలాసేపు చూసి, తల తిప్పి, గోడ దగ్గర ఖాళీ చోటు వైపు అరవడం మొదలుపెట్టింది. మార్గశిరంలో ఏడవాల్సిన ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. మూడు రోజులు మేత ముట్టలేదు. పాలు తిరిగి రాలేదు.

అమ్మమ్మ పిన్నిని తిట్టని తిట్టు లేదు. "చూసుకోకుండా ఉతికా, నాదే తప్పు" అని పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను గుమ్మం పక్కన నిలబడి వింటూ ఊరుకున్నాను. తమ్ముడికి నందిగామ నుంచి పాకెట్ పాలు తెప్పించారు, వాడు సుబ్బరంగా తాగాడు. వట్టిపోయిన గేదెను ఎవరు మేపుతారు? వారం తిరక్కుండా బేరగాళ్ళు వచ్చారు. ఎక్కడికి తోలుకుపోతారో ఊళ్ళో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. పోతూ పోతూ నామాల గేదె బడి గోడ దగ్గర ఆగింది. లెక్కల క్లాసు జరుగుతోంది. అది అరిచింది. మళ్ళీ అరిచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, మాస్టారు కూడా. నేను పలక మీద తల వంచుకుని కూర్చున్నాను. లేవలేదు.

ఇదంతా తమ్ముడికి ఆదివారం చెప్పాను. పెట్టెలోంచి శాలువా తీసి వాడి ఒళ్ళో పెట్టాను. ఒక కొస ఇప్పటికీ మిగతా దానికంటే మెత్తగా ఉంటుంది, నాలుక అరగదీసిన చోటు. వాడు దాని మీద చెయ్యి వేసి తీసేశాడు.

"అంటే తప్పు పిన్నిది కాదా?" అన్నాడు.

"నాదేరా. పిన్ని పోయేదాకా కూడా చెప్పలా."

ఆ ఊళ్ళో ఇప్పుడు గడ్డి కూరిన దూడలు లేవు. చేపడానికి సూది పొడుస్తున్నారట, దూడ ఉన్నా లేకపోయినా ఒకటే. మా కొట్టం చోట రేకుల షెడ్డు, అందులో మిరపకాయల బస్తాలు. బడి గోడ ఎత్తు పెంచారు, వీధిలో ఏం పోతుందో పిల్లలకు కనబడదు. దాలిలో పాలు మరిగిన వాసన ఎక్కడా లేదు. పెద్దగా బెంగ లేదు నాకు, ఆ ఎర్రటి వాసన తల్చుకుంటే ఇప్పటికీ నోరూరుతుందన్న సిగ్గు తప్ప.

పాపకు నేను అల్లి ఉంచిన కొత్త శాలువా ఇచ్చాను. పత్తినూలు, అంచుకు అరటినార. మూడుసార్లు ఉతికాను, ఏ వాసనా లేదు. తమ్ముడు దాన్ని సంచిలో పెట్టుకుని, పాతదాన్ని తనే మడిచి పెట్టెలో పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"అక్కా, దాని పేరేంటి? దూడది."

"ఏం పేర్రా? దున్నదూడకి ఎవరు పెడతారు పేరు?"

చెప్పుల్లో పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకుని మెట్టు మీద కూర్చున్నాడు. జగ్గయ్యపేట బస్సు వచ్చి ఆగి వెళ్ళిపోయింది. వాడు లేవలేదు.