రెల్లులో పిలుపు

ఎడారి దేశంలోని వఫ్రా తోటల చివర ఎండిపోయిన మడుగును వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న యజమాని, అంటే కఫీల్, మళ్లీ నీళ్లతో నింపి రెల్లు నాటించిన నాటి నుంచి చిన్నపుల్లయ్యే దానికి కాపలా. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మెడలో తడి తువ్వాలు వేసుకుని, గాలికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సంచులను కర్రతో ఏరుతూ గట్టంతా తిరుగుతాడు. కొంగ కనబడితే చాలు, ఆగిపోతాడు. అది చేపను మింగేదాకా తానూ గుటక వేయడు. ఈ వారం రెల్లులో ఒక కౌజుపిట్ట ఆపకుండా పిలుస్తూ ఉండడంతో అతని సంతోషానికి పట్టపగ్గాల్లేవు. “వింటివా హమీదూ? కౌజులు గూడా వచ్చినాయి మన మడుగుకు!” అన్నాడు తోటపని చేసే రాయచోటి అబ్దుల్ హమీద్‌తో. “అది నిద్ర గూడా పోదా అన్నా?” అని నవ్వాడు హమీద్.

దాన్ని కళ్లారా చూడాలని ఆ ఉదయం చిన్నపుల్లయ్య రెల్లు తప్పించుకుంటూ లోపలికి పోయాడు. పిట్ట లేదు. కర్రకు కట్టిన చిన్న స్పీకరు కౌజు గొంతుతో అరుస్తోంది. దాని చుట్టూ దొంగ వేటగాళ్లు కట్టిపోయిన సన్నటి వల. వల నిండా కౌజులు రెక్కలు మెలిపడి తలకిందులుగా వేలాడుతున్నాయి. కొన్ని అప్పటికే బిగుసుకుపోయాయి. కాళ్లు బురదలో దిగబడుతున్నా అతనికి తెలియలేదు. తేరుకుని నడుముకు చెక్కుకున్న కొడవలితో వల కోశాడు. బతికున్నవి ఎగిరి, ఒక చుట్టు తిరిగి, ఆ పిలుపు దగ్గరికే వచ్చి వాలాయి. “పోండి! అది పిట్ట గాదు, పోండి!” అని అరిచాడు. అవి కదల్లేదు. స్పీకరును పెరికి నీళ్లలో ముంచి, గొంతు ఆగేదాకా అదిమిపట్టాడు. కౌజులు కాసేపు అక్కడే నిలబడి, తర్వాత ఒక్కొక్కటే ఎగిరిపోయాయి. చిన్నపుల్లయ్య చేతులు మాత్రం ఇంకా నీళ్లలోనే ఉన్నాయి.